బటన్ నొక్కని రోజు

రెండేళ్లుగా నన్ను తినేస్తున్న గుండెమంటకు మా ఇంట్లో పెట్టిన పేరు గ్యాస్. "తిన్నాక నాలుగడుగులు వెయ్యి, అదే పోతుంది" అనేవారు మా ఆయన, ఫోన్‌లోంచి తలెత్తకుండా. బడిలో పాఠం చెబుతుంటే మధ్యలో పులుపు గొంతులోకి ఎగదన్ని మాట ఆగిపోయేది. ఎండోస్కోపీలో ఏమీ దొరకలేదు కాబట్టి నేను నాటకాలాడుతున్నానని తేలిపోయింది. నమ్మింది మా అత్తయ్య ఒక్కరే. నేను ఛాతీ పట్టుకుంటే చాలు, ఆవిడ చెయ్యి నా వీపు మీద ఉండేది.

చివరికి విజయవాడలో డాక్టరుగారు నా ముక్కులోంచి అన్నవాహికలోకి ఒక సన్నటి గొట్టం దించారు. లోపల ఆమ్లం ఎంత పైకి వస్తోందో, ఒత్తిడి ఎలా ఉందో అది కొలుస్తుందట. రెండో కొస నడుముకు కట్టిన చిన్న పెట్టెలో ఉంది. "రేపటిదాకా ఉంచుకోవాలమ్మా. రోజూ ఏం తింటారో అదే తినండి. మంట రాగానే ఈ బటన్ నొక్కండి" అన్నారు.

మా ఊరు తిరువూరు వెళ్లే బస్సులో అందరూ నా ముక్కు వంకే చూశారు. చూడనీ అనుకున్నాను. ఇన్నాళ్లకు నాకో సాక్షి దొరికింది.

గుమ్మంలో నన్ను చూడగానే అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కంచంలో మెత్తగా పిసికిన అన్నం, పలచటి మజ్జిగ. పచ్చడి లేదు, కారం లేదు.

"అత్తయ్యా, రోజూ తినేదే తినమన్నారు."

"ముక్కులో గొట్టం పెట్టుకుని గోంగూర తింటావా? నేను బతికుండగా పెట్టను తల్లీ."

మాట్లాడితే గొట్టం గొంతులో గీరుకుపోతోంది. కోపంతో ఒళ్లు మండింది గానీ ఆవిడ ముద్దలు కలిపి నోటిదాకా తెస్తుంటే తినేశాను. కాఫీ అడిగితే బార్లీ నీళ్లిచ్చారు. రాత్రికీ అదే మజ్జిగన్నం. వెనక దిళ్లు పేర్చి పడుకోబెట్టారు. ఎన్నాళ్లుగానో ఎరగనంత హాయిగా గడిచిందా రోజు. నా బొటనవేలు బటన్ మీదే ఉంది. మంట రాలేదు. రమ్మని బతిమాలుకున్నా రాలేదు.

మర్నాడు విజయవాడలో గొట్టం తీసి, రిపోర్టు చూసి డాక్టరుగారు అంతా నార్మల్ అన్నారు. మజ్జిగన్నం సంగతి చెప్పాను. అయితే మళ్లీ గొట్టం వెయ్యాలన్నారు. "ఏమీ లేదని వచ్చాక మళ్లీ ఎందుకండీ" అని మా ఆయన లేచి నిలబడ్డారు.

అత్తయ్య సంతోషం ఇంతా అంతా కాదు. ఆ ఆదివారమే దగ్గర్లోని నెమలి ఊరికి వెళ్లి వేణుగోపాలస్వామికి కొబ్బరికాయ కొట్టి వచ్చారు. వస్తూనే గోంగూర నూరి, ఉల్లిపాయ నంజుకోడానికి పెట్టి, నెయ్యి ధారగా పోసి వడ్డించారు. నాలుగో ముద్దకే మంట గొంతుదాకా వచ్చింది. కళ్లు మూసుకుని ఛాతీ పట్టుకున్నాను. ఎడమ చెయ్యి నడుము దగ్గర బటన్ కోసం తడుముకుంది. చీర కుచ్చిళ్లే తగిలాయి.

అత్తయ్య ఎప్పటిలాగే నా వీపు నిమిరారు.

"ఏమీ లేదన్నారుగా అమ్మా. నీకలా అనిపిస్తుందంతే."