ఖాళీ గదిలో దొరికిన ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నా భర్త గుండెపోటుతో పోయాక చోడవరంలోని మా ఇంట్లో ఇద్దరమే మిగిలాం, నేనూ మా అత్తా. ఆమె బుచ్చయ్యపేట వైపు చెరకు రైతుల ఇంట పుట్టిన మనిషి, మన మందిరం గడప ఎన్నడూ తొక్కలేదు. కొడుకు పోయిన రోజు నుంచి నాతో మాట మానేసింది. ఆ చావుకు నన్నే కారణం అనుకుంటోందని నేను నమ్మాను, నేనూ మాట్లాడలేదు. తిండి సహించలేదు, బైబిలు తెరవలేదు, తెల్లవారుతోందంటేనే భయం, ఇంక నన్ను తీసుకుపో ప్రభువా అన్నదొక్కటే నాకు మిగిలిన ప్రార్థన!

అలాంటి రోజుల్లో పాస్టరమ్మగారు వచ్చి, "నీ గొంతు బాగుంటాదమ్మా, మంచాన ఉన్నోళ్లకి కీర్తనలు సదివి ఫోన్లో పంపు" అన్నారు. కాదనలేక, ఫ్యాను కింద కూర్చుని చదివి పంపాను. పక్షవాతంతో ఉన్న ఒక పెద్దాయన అది విని, "ఏటమ్మా, దావీదుని ఇనమన్నావా, మీ ఫేన్ని ఇనమన్నావా?" అని నవ్వారు.

నా చదువు ఇంటర్ దగ్గర ఆగింది గానీ, మా ఊరి గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదు, ఇది కొంచెం గొప్పకే చెబుతున్నాను, క్షమించండి. శబ్దాన్ని రికార్డు చేయడం గురించి అక్కడ ఒక పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని, నలభై దాటిన వయసులో, మా ఆయన కంప్యూటరు మీద నేర్చుకున్నాను. పాడుచేసినవే ఎక్కువ. ఆ పుస్తకంలో ఒక పద్ధతి ఉంది. ఎవరూ మాట్లాడనప్పుడు గది చప్పుడును కాసేపు విడిగా రికార్డు చేసి, తీసెయ్యవలసింది ఇదీ అని కంప్యూటరుకు చూపిస్తే, మాటల కింద నుంచి ఆ హోరును తీసేస్తుంది.

ఒక మధ్యాహ్నం ఫోనును వంటింటి పక్క గదిలో పెట్టి, నా ఊపిరి కూడా పడకూడదని పెరట్లోకి వెళ్లిపోయాను. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ధ్వని పెంచి విన్నాను. ఫ్యాను హోరు కింద, వంటింటి వైపు నుంచి ఒక గొంతు! మా అత్తది. ఇంట్లో ఎవరూ లేరనుకుంది.

"ఏసు బాబూ, నాను నీ గుడికి రాలేదు, నీ పాటలూ నాకు రావు. నువ్వు నా కోడలి దేవుడివని నీతో సెప్తన్నాను. నా కొడుకుని తీసుకుపోయేవు, ఏటి సేస్తాను? ఈ కోడలు గుంట కూడు మానేసింది, నా మొహం సూడ్డం లేదు. ఇదీ పోతే నానెవరి కోసం పొయ్యి ఎలిగించాలి? దీన్ని ఉంచు బాబూ."

సహోదరులారా, నాతో మాట్లాడని మనిషి నా ప్రభువుతో నా గురించి మాట్లాడుతోంది! ఆ చప్పుడును తీసెయ్యమని మీట నొక్కడానికి నాకు చెయ్యి రాలేదు. లేచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"ఏటే, అలాగ సూస్తన్నావు? కూడెట్టనా?" అంది.

"ఎట్టు అత్తా" అన్నాను. ఏడుస్తూనే తిన్నాను.

నా చీకటి ఒక్కరోజులో పోలేదు. తర్వాత డాక్టరుగారికి చూపించుకున్నాను, ఆ మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను, సాయంత్రాలు ఇంకా బరువుగానే ఉన్నాయి. అత్త మందిరానికి రాలేదు, నేను బలవంతపెట్టలేదు. కానీ చావాలనే తలంపు నుంచి ప్రభువు నన్ను విడిపించాడు, దేవునికే మహిమ! నాకు నోరు పెగలని రోజుల్లో ఆయన నాకోసం వేరొక నోరు తెరిచాడు. ఇది చదివేవారిలో ప్రార్థించలేకపోతున్నవారు ఎవరైనా ఉంటే, దయచేసి ఒంటరిగా ఉండకండి, ఇంట్లో ఉన్న మనిషిని పిలవండి, ఆ ప్రభువును నమ్మండి. మీకు వినబడని చోట ఎవరో మీ పేరు ఆయన ముందు ఎత్తుతూనే ఉన్నారు.