గెట్టుకు అవతలివైపు మనిషి

మా చిన్నప్పుడు... నాట్లకు ముందు గెట్టు చెక్కే రోజు వచ్చిందంటే మేం బడికి డుమ్మా కొట్టేవాళ్లం. పొలం గట్టును మా జగిత్యాల దిక్కు గెట్టు అంటాం. ఇటువైపు పార పట్టుకుని మా బాపు, అటువైపు ఆయన అన్న, మా పెదబాపు.

ఒకరు రానిదే ఇంకొకరు పార దించేవారు కాదు. పెదబాపుకు జ్వరమొస్తే మా నాట్లు కూడా ఆగేవి... ఒక్కడే చెక్కితే జానెడు కలుపుకున్నాడంటారని బాపు భయం. సొంత అన్నే కదా, ఏమంటాడని అమ్మ విసుక్కునేది. బాపు వినేవాడు కాదు. బీడీ ముట్టించుకుని గెట్టు మీద కూర్చునేవాడు.

మేం ఎండ్రికాయల బొక్కల్లో పుల్లలు పెట్టి ఆడేవాళ్లం. సద్ది కూడా రెండిళ్లవాళ్లం ఆ గెట్టు మీదే తినేవాళ్లం... జొన్న గట్క, పచ్చిపులుసు. పచ్చిపులుసు పెద్దమ్మదే బాగుండేది, అమ్మ ముందు అనలేదు కానీ.

ఇప్పుడు నేను ఒమాన్‌లో, ఖురియాత్ దగ్గర విల్లాల సైట్‌లో మేస్త్రీని. సైట్‌ను ఆనుకుని ఒక ఖర్జూరపు తోట ఉంది. దాని ముసలి యజమాని తోటను మసీదు పేరున వక్ఫ్ చేసేశాడు. ఇక దాన్ని ఎవరూ అమ్మకూడదు, అందులో ఇల్లు కట్టకూడదు. అక్కడ నీళ్లు కట్టే ఖాసీం భాయ్‌ది కడప. ఆయనే చెప్పాడు.

"ఇంగ ఆయప్ప కొడుకులు గూడా అమ్మలేరు భయ్యా. కంపెనీవోళ్లు శానాసార్లు అడిగి ఊరకైపోయినారు."

అందుకే మా కాంపౌండ్ గోడ ఆ తోట దగ్గర వంకర తిరుగుతుంది. ఆ వంకర గోడ నేనే కడుతున్నాను.

పోయిన శుక్రవారం, ఊళ్లో సేద్యం చూసుకునే మా అన్న పొలంలో నిలబడి వీడియో కాల్ చేశాడు. పెదబాపు కొడుకులు వాళ్ల భాగం ప్లాట్లకు ఇచ్చేశారు. అన్న ఊళ్లో లేని రోజు జేసీబీ దింపారట. గెట్టు చూపించమన్నాను. ఫోన్ అటూ ఇటూ తిప్పాడు... ఎర్రమట్టి తప్ప ఏమీ కనబడలేదు.

"ఈడనే ఉండె రా..." అన్నాడు.

ఖర్జూరపు తోట సంగతి చెప్పి, మనది కూడా అలా రాసిపెట్టలేమా అని అడిగాను.

"మనది ఎవలకు రాసిస్తవ్ రా? సుట్టూ ప్లాట్లయితే ట్రాక్టర్ ఎట్ల పోతది? నువ్వు ఊ అంటే మనది గూడ ఇచ్చేద్దాం."

నీ ఇష్టం అన్నా, అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. బట్టలు ఉతుక్కుని, అన్నం తిని పడుకున్నాను.

మర్నాడు డ్యూటీలో వంకర గోడకు దారం కట్టాను. అది తోటవైపు కొంచెం జరిగినట్టు అనిపించింది. చేయి ఆగిపోయింది... ఖాసీం భాయ్‌ని పిలిచాను. ఆయన వచ్చి అటువైపు నిలబడి చూశాకే మొదటి బ్లాక్ పెట్టాను.

మా ఊళ్లో ఇప్పుడు గెట్టు చెక్కడానికి ఇద్దరు అక్కర్లేదు. ఒక్క జేసీబీ చాలు.

మీ గెట్టుకు అవతలివైపు ఎవరు నిలబడేవారు? పేరు ఒక్కటి రాయండి... చదువుకుంటాను.