మంగళవారం పదిన్నరకు నేను మాట్లాడలేదు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. దేవుడి మీద అంతకన్నా లేదు. మాట వరసకు అంటున్నది కాదు. పాతికేళ్ళు పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో వేదికలెక్కి, పూనకాలు వచ్చేవాళ్ళతోనూ వాళ్ళను మొక్కేవాళ్ళతోనూ ముఖాముఖి వాదించిన మనిషిని. ఎవరైనా వింత జరిగిందంటే మూడు ప్రశ్నలు అడుగుతాను. నువ్వే చూశావా? ఎప్పుడు? నీతోపాటు ఇంకెవరున్నారు? చాలా వింతలు ఈ మూడింటికే రాలిపోతాయి.

ఇప్పుడు చెప్పబోయేది రాలిపోలేదు. అందుకే నాకు కోపం. ఇన్నేళ్ళయినా తగ్గలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో బైరెడ్డిపల్లెకూ వెంకటగిరికోటకూ మధ్య ఒక పల్లెలో మేము చిన్న రేడియో నడిపాం. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన సుగుణమ్మ తన ఇంటి ముందు గది ఇచ్చింది. మదనపల్లెలో రేడియోలు బాగుచేసే మెకానిక్ ఒకాయన ట్రాన్స్‌మిటర్ చేసి ఇచ్చాడు. చెప్పుల డబ్బా అంత ఉండేది. దాని గొంతు చుట్టూ ఉన్న కొన్ని పల్లెలు దాటి పోయేది కాదు.

లైసెన్సు లేదు. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని పెద్ద కోర్టు చెప్పి అప్పటికే ఏళ్ళయింది. కానీ ఆ ప్రజల్లో ఒకరు పోయి అడిగితే ఇవ్వడానికి ఏ ఆఫీసులోనూ ఒక దరఖాస్తు ఫారం కూడా లేదు.

నేను పుంగనూరులో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. వారానికి మూడు రోజులు, పొద్దున పాఠాలు లేని పూట బస్సెక్కి పోయి మాట్లాడేవాణ్ణి. కాన్పులు, పిల్లల జబ్బులు సుగుణమ్మ చెప్పేది.

ఆ రేడియోను బతికించింది వినేవాళ్ళే. చెనక్కాయలు ఇంటికి చేరాక ప్రతి ఇంట్లోనూ ఒక పడి కాయలు కొలిచి పక్కన పెట్టేవాళ్ళు. దానికి రేడియో పడి అని పేరు. పడి పోసిన ఎవరికైనా ఆదివారం పొద్దున మైకు ముందు కూర్చుని మమ్మల్ని తిట్టే హక్కు ఉండేది. మేము పెట్టిన నియమమే. తిట్లలో ఎక్కువ భాగం నాకే వచ్చేది.

"ఆ సారుకు మైకు ఇస్తే గంగమ్మను అనకుండా దిగడు" అని ఒకామె. "మా కాయలు తిని మా దేవుళ్ళనే తిడ్తాండావే, నీకు అరుగుతాదా అప్పా?" అని ఒక ముసలాయన. కడకు, దేవతల జోలికి పోతే వచ్చే ఏడాది పడి పోసేది లేదని అందరూ కలిసి తీర్మానం చేశారు. నేను సుగుణమ్మ వైపు చూశాను. "వాళ్ళ రేడియో సార్ ఇది. మీ సభ కాదు" అంది.

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్నందుకు నా మీద నాకు ఉన్న కోపం కూడా ఈ లెక్కలో కలపండి.

ఆ ఏడాది బోర్లు ఎండిపోయాయి. జనం పాడుబడిన పాత బావుల్లో పూడిక తీయడానికి దిగడం మొదలుపెట్టారు. వెంకటగిరికోట వైపు ఒక పల్లెలో అన్నదమ్ములిద్దరు దిగారు. మొదట దిగినవాడు కూలిపోతే, రెండోవాడు వాణ్ణి పైకి తేవడానికి దిగాడు. ఇద్దరూ చనిపోయారు. చంపింది అడుగున పేరుకున్న చెడు గాలి. ఊరు మాత్రం గంగమ్మ తీసుకుందని చెప్పుకుని, బావి గట్టున పొట్టేలును కోసింది.

ఆ సాయంత్రం పుంగనూరులో మా ఇంట్లో కూర్చుని ఒక ప్రసంగం రాశాను. పాత బావిలోకి మనిషి దిగే ముందు వెలిగించిన లాంతరుకు తాడు కట్టి దించండి, అది ఆరిపోతే దిగకండి అని. మధ్యలో ఈ మాటలు రాశాను: "గంగమ్మ తీసుకుంది అంటున్నారు. గంగమ్మ తీసుకోలేదు. దీపం దించకుండా మనిషిని దించిన మీరు తీసుకున్నారు." రాశాక తీర్మానం గుర్తొచ్చింది. ఆ మూడు వాక్యాలూ కొట్టేశాను. దీపం ఎంతసేపు ఉంచి చూడాలో నాకు కచ్చితంగా తెలియలేదు. సుగుణమ్మను అడుగుదామని అక్కడితో ఆపి, కాగితం సొరుగులో పెట్టి తాళం వేశాను. నేను ఒంటరిగా ఉండేవాణ్ణి. తాళంచెవి నా జేబులోనే ఉండేది.

మర్నాడు పొద్దున, లైసెన్సు లేని రేడియోలు పట్టుకునే ప్రభుత్వ ఆఫీసు జీపు సుగుణమ్మ ఇంటికి వచ్చింది. ట్రాన్స్‌మిటరు, యాంటెన్నా కుప్పం పట్టుకుపోయారు. ఎవరో ఫిర్యాదు చేశారట. ప్రసంగం చదవనేలేదు. ఆ కాగితం ఎవరికీ చూపలేదు, ఎవరితోనూ దాని మాట ఎత్తలేదు.

సుగుణమ్మా నేనూ కుప్పంలో ఆ ఆఫీసు చుట్టూ తిరిగాం. అధికారి మర్యాదస్తుడే. బల్ల మీద అమ్మవారి పటం, దానికి రోజూ కొత్త పువ్వు. మూడోసారి పోయినప్పుడు మెత్తబడ్డాడు. పట్టుకున్న రోజు నుంచి ఏ ప్రసారమూ చేయలేదని రాసిస్తే కేసు లేకుండా సామాను ఇచ్చేస్తానన్నాడు. లైసెన్సులు ఇచ్చే రోజు త్వరలోనే వస్తుందని, కేసు పడితే మాత్రం మాకు జన్మలో రాదని చెప్పాడు. నేను కలం తీశాను.

సరిగ్గా అప్పుడు బయట ట్రాక్టరు ఆగింది. ఇరవై మంది దిగారు. ముందు మునెప్ప. మా రేడియో వినే రైతు, ఏటా పడికి పడిన్నర పోసేవాడు.

"మా రేడియోను యాల పట్టుకోనుండారు సార్?" అన్నాడు లోపలికి వస్తూనే. "పోయిన మంగళారం అది సెప్పబట్టే కదా నేనూ నా అల్లుడూ పానాలతో ఉండాము."

అధికారి తలెత్తాడు. "పోయిన మంగళవారమా?"

"అవును సార్. పొద్దున పదిన్నర. బాయిలో దిగబోతాండాము. లాంతరు దించండి అని ఈ సారే సెప్పినాడు రేడియోలో. దించితిమి. సగం పోతానే ఆరిపాయ. మళ్ళా దించితిమి, మళ్ళా ఆరిపాయ."

"మునెప్పా, ఊరుకో అప్పా" అంది సుగుణమ్మ మెల్లగా.

"యాల ఊరుకోవాలమ్మా? మంచి పని చేసిన దాన్ని పట్టుకోని పెట్టుకుంటే సాక్ష్యం సెప్పొద్దా? ఇంతమందిమి వస్తిమి."

"సాక్ష్యం బాగానే ఉంది, కూర్చోండి" అన్నాడు అధికారి. నా చేతిలో కాగితం తీసేసుకున్నాడు.

అభిమానం కొద్దీ వచ్చి మా మెడకు ఉరి బిగించారు. మంగళవారం నాటికి ట్రాన్స్‌మిటరు ఆయన బీరువాలోనే ఉంది. లక్క సీలు పగలలేదు. ఆయనే తెరిచి చూపించాడు. అంటే రెండోది ఎక్కడో దాచామని అనుమానం. సుగుణమ్మ ఇల్లు సోదా చేశారు. మదనపల్లె మెకానిక్ దుకాణం తిరగేశారు. ఏమీ దొరకలేదు. ఆ మంగళవారం పొద్దున నేను మదనపల్లెలో పదో తరగతి పరీక్ష హాలులో ఇన్విజిలేటర్ని. గది నిండా పిల్లలే సాక్షులు. సంజాయిషీ రాసివ్వడానికి నాకు వారం గడువు ఇచ్చారు.

నేను మునెప్ప పల్లెకు పోయాను. జనం భ్రమపడ్డారని తేల్చడానికే పోయాను. విన్నామన్న ఏడుగురిని విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. ఒకరి మాట ఇంకొకరికి వినపడకుండా సుగుణమ్మను గడప దగ్గర నిలబెట్టాను. ఇళ్ళు మూడు, సెట్లు మూడు. ఒక ఇల్లు గుట్ట అవతల ఉంది.

స్టేషనే లేనప్పుడు సెట్టు ఎందుకు పెట్టారని మునెప్ప భార్య లచ్చుమమ్మను అడిగాను. "మన టైముకు రోజూ పెడ్తానే ఉంటిమి సార్, వస్తాదేమోనని. గుయ్యి మంటానే ఉండె. ఆ పొద్దు నువ్వు వస్తివి."

మెలిక ప్రశ్నలు వేశాను. లాంతరు కాదు, బుట్టలో కోడిపిల్లను దించమన్నాను కదా అన్నాను. ఏడుగురిలో ఒక్కరూ అవుననలేదు.

నా గొంతే అని ఎలా నమ్మావని మునెప్పను అడిగాను. నవ్వాడు. "నువ్వు గంగమ్మను అంటివి కదా సార్. దాంతోనే నువ్వేనని తెలిసిపాయ."

ఏమన్నానో చెప్పమన్నాను.

"అమ్మ తీసుకోలేదు, దీపం దించకుండా మనిషిని దించిన మీరే తీసుకున్నారు అంటివి. నా పెండ్లాం సెవులు మూసుకునింది. దీపం ఎంతసేపు ఉంచాల్నో సెప్పకనే ఆపేస్తివి. నీ బస్సుకు టైమైందేమో అనుకుంటిమి."

మిగతావాళ్ళనూ అదే అడిగాను. మిగతా ఆరుగురూ ఆ తిట్టు చెప్పారు. ఐదుగురు గొంతు ఆగిపోయిన చోటు కూడా చెప్పారు.

ఇంటికి వచ్చి సొరుగు తెరిచాను. కాగితం పెట్టినచోటే ఉంది. కొట్టేసిన మూడు వాక్యాల మీద నా సిరా గీత ఉంది.

పాత క్యాసెట్టు ఏదైనా మోగిందా? మేము చేసిన ప్రతి కార్యక్రమమూ సుగుణమ్మ నోటు పుస్తకంలో రాసి ఉంది. బావుల మాట ఎక్కడా లేదు. ప్రభుత్వ రేడియోలో ఎవరైనా చెప్పారా? ఫోను చేసి అడిగాను, ఆ రోజు అలాంటి ప్రసంగమేదీ లేదని జవాబు వచ్చింది. ఇంతకాలం ఇతరుల మీద ప్రయోగించిన ప్రశ్నలన్నీ నా మీద నేను వేసుకున్నాను. ఒక్కటీ పని చేయలేదు.

వారం తర్వాత కుప్పంలో అధికారి తలుపు మూసి, నాకు మేలు చేస్తున్నట్టే మాట్లాడాడు. "సార్, రెండు దారులున్నాయి. ఈ జనం అబద్ధం చెప్పారని రాయండి. లేదంటే అమ్మవారి మహిమ వల్ల వినపడిందని రాయండి. ఏది రాసినా సామాను ఇస్తాను. మహిమ అంటే నాకూ సంతోషమే." పటం వైపు చెయ్యి చూపించాడు.

అబద్ధం చెప్పారని రాస్తే రేడియో వస్తుంది. కానీ వాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి నా సొరుగులోని కాగితానికి తెలుసు. మహిమ అని రాసినా రేడియో వస్తుంది. దానితోపాటు ఆ పల్లెల్లో ఇక ఎవరూ లాంతరు దించరు, అమ్మ చెబుతుందని కూర్చుంటారు. నేను ఒకే వాక్యం రాశాను: "వాళ్ళు విన్నారు, నేను మాట్లాడలేదు, అది ఎలా జరిగిందో నాకు తెలియదు."

ఆయన చదివి విసుగ్గా చూశాడు. "తెలియదు అనేదానికి ఫైల్లో చోటు లేదు సార్."

కేసు పెట్టారు. రేడియో పోయింది. మునెప్ప నన్ను బస్టాండులోనే పట్టుకున్నాడు.

"అమ్మ పేరు ఒక్క ముక్క రాసింటే నీ సొమ్మేమి పోతాండె? మేము పోసిన కాయలు, మా రేడియో. నీ పట్టుదలకు మేము మూగోళ్ళం కావాల్నా?"

ఆయన అడిగినదానిలో న్యాయం ఉంది. ఆ పల్లెల్లో ఇప్పటికీ కొందరు నాతో మాట్లాడరు.

మరుసటి వేసవిలో గుట్ట అవతల ఇంకో బావిలో ఒక కూలి మనిషి దిగి చనిపోయాడు. ఆ పొద్దున కూడా సెట్లు పెట్టుకుని ఉన్నారు. ఏమీ వినపడలేదు. మహిమ అన్నవాళ్ళ ఇళ్ళకు పోయి, ఆ రోజు మీ అమ్మ ఎక్కడికి పోయిందని అడిగాను.

ఆ మంగళవారం మాట్లాడింది ఎవరో నాకు ఇవాళ్టికీ తెలియదు. తెలిసినట్టు నటించను. కానీ ఆ కూలి మనిషికి ఎవరూ ఎందుకు చెప్పలేదో మాత్రం తెలుసు. చెప్పే పెట్టె కుప్పంలో బీరువాలో ఉంది.