మగ్గు మేస్త్రి

ఆయనకు ముక్కు మీద కోపమని మిల్లులో అందరూ అనుకునేవారు గానీ, ఆ ముక్కు మీద ఉన్నది కోపం కాదు, రోత. నూలు మిల్లు సైకిల్ షెడ్డులో ఇరవై ఆరేళ్ళుగా మేస్త్రి. ఎవరైనా బండి తెచ్చి స్టాండు వేస్తే ముందు మొహం చిట్లించేవాడు, ఆ తరువాతే వంగి చూసేవాడు. గొలుసు నిండా నల్లటి జిడ్డు, జిడ్డుకు అంటుకున్న నూలు పీచు, మడ్‌గార్డు కింద ఎప్పటిదో బురద. బ్రేకు రబ్బరు అరిగిపోయిన చోట కొందరు పాత చెప్పు ముక్క కట్టుకుని వచ్చేవారు. మేస్త్రి దాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను ఎత్తినట్టు ఎత్తి, ఆ మనిషి కళ్ళ ముందు ఆడించేవాడు. కాళ్ళకు పనికిరాదని పారేసినదాని మీద ప్రాణం ఎలా పెట్టావయ్యా అని అడిగేవాడు. అలా అడిగేటప్పుడు ఆయన గొంతులో హాస్యం మచ్చుకైనా ఉండేది కాదు.

వానాకాలం ముందు ప్రతి బండికీ ఆయన పరీక్ష పెట్టేవాడు. చక్రం పైకెత్తి, రిమ్ము మీద మగ్గుడు నీళ్ళు పోసి, గిర్రున తిప్పి బ్రేకు పట్టేవాడు. నోటితో ఒకటి, రెండు అనేలోగా చక్రం ఆగాలి. మూడు దాకా పోయిందా, ఆ బండి పక్కకు. ఆగిన బండికి మాత్రం సీటు కింద తీగతో ఒక రేకు బిళ్ళ కట్టి, రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. బిళ్ళ లేని బండిని గేటు దాటాక వాలు మీద తొక్కనివ్వరు, నడిపించుకుపోవలసిందే. పొడి రిమ్ము మీద ఎవడి బండైనా ఆగుతుంది, తడిసినప్పుడు ఆగాలి గానీ అని ఆయన వాదన. ఆ పరీక్ష మూలంగానే మగ్గు మేస్త్రి అని పేరు పడింది. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. కోపమొస్తే భార్య కూడా మగ్గు మేస్త్రి అనే పిలిచేది.

వాన మొదలయితే ఆయన నోరు మూతపడేది కాదు. తడి రిమ్మును ముందు తుడవాలి, తరువాత ఆపాలి. బ్రేకు మెల్లగా ఆనించి నాలుగు చుట్లు పోనిస్తే రబ్బరే నీళ్ళు తుడుస్తుంది, అప్పుడు గట్టిగా పట్టండి అని నెత్తీ నోరూ బాదుకునేవాడు. వాన పడిన మొదటి పది నిమిషాలు రోడ్డు మీద లారీలు కార్చిన నూనె అంతా పైకి తేలుతుంది, ఆ కాసేపూ షెడ్డులో ఆగండి. తెల్ల గీతల మీద, కాలువ మూతల మీద బండి వంచకండి. నీళ్ళు నిలిచిన చోట అడుగు కనిపించకపోతే అక్కడ గొయ్యి ఉన్నట్టే అనుకోండి. వినేవాళ్ళు బుద్ధిగా తల ఊపి, అదే తలకు ప్లాస్టిక్ సంచి తగిలించుకుని, సగం కళ్ళు మూసుకుపోగా తొక్కుకుంటూ పోయేవారు. ప్యాకింగులో పనిచేసే ఒకావిడయితే ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో హ్యాండిలు. గొడుగమ్మ అని ఆయనే పేరు పెట్టాడు. రెండు బ్రేకులకు ఒక చెయ్యి ఏం సరిపోతుందని ఆయన, తడిసి జ్వరం వస్తే నువ్వొచ్చి వండిపెడతావా అన్నా అని ఆవిడ. పదేళ్ళుగా సాగుతున్న తగువు అది.

ఇంత రాద్ధాంతం ఎందుకంటే, మిల్లు గేటు దాటగానే నిటారుగా దిగే వాలు, వాలు అడుగున అడ్డంగా లారీల రోడ్డు. బ్రేకు పడకపోతే మనిషి ఆగేది లారీ కిందే. ఆయన షెడ్డుకు రాకముందు అలా ఇద్దరు పోయారు. ఆయన వచ్చాక ఒక్కరూ పోలేదు. మేస్త్రికి ఉన్న గొప్ప అదొక్కటే. ఇల్లు అద్దెది, చదువు అంతంతమాత్రం, మాట పెడసరం. కానీ ఆయన బిళ్ళ కట్టిన బండి ఆగుతుంది. ఆయనంటే పడనివాళ్ళు కూడా ఆ ఒక్క విషయంలో రెండో మాట అనేవారు కాదు.

ఈ ఏడు వానలకు ముందు భద్రతాధికారిగా కొత్తాయన వచ్చాడు. నలగని చొక్కా, ఆమడ దూరానికి సెంటు వాసన. పై ఆఫీసు పెద్దలు శుక్రవారం పదకొండింటికి చూడటానికి వస్తున్నారని, అప్పటికి ఉదయం షిఫ్టు బండ్లు నూట నలభైకీ బిళ్ళలు వేలాడుతూ ఉండాలని గురువారం మధ్యాహ్నం చల్లగా చెప్పాడు. రోజుకు ఇరవై బండ్లకు మించి పరీక్ష కాదన్నాడు మేస్త్రి. అధికారి కొత్తగా రంగు వేయించిన షెడ్డు నేలను చూపించి, దాని మీద నీళ్ళు పోసి రొచ్చు చేయొద్దన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు గదా, రేపు బిళ్ళలు కట్టేసి పరీక్షలు శనివారం నుంచి తీరిగ్గా చేసుకోమన్నాడు. పోతూ పోతూ, పాచి పట్టిన ఆ మగ్గు పెద్దల కంట పడకుండా చూడమన్నాడు.

మేస్త్రి ఒప్పుకోకుండా ఉండాల్సింది. ఒప్పుకున్నాడు. దీనికి పెద్ద కారణాలు వెతకనక్కర్లేదు. నడుం నొప్పి, ఇంకో రెండేళ్ళలో రిటైరు కావడం, కొడుకు వయసువాడితో వాదనేమిటన్న బద్ధకం. పైగా షెడ్డు శుభ్రం చేసే కాంట్రాక్టు బావమరిదిది. ఈయన మొండికేస్తే తమ్ముడి పని పోతుందని భార్య ఆ సాయంత్రం చెవిన వేసింది. శనివారం ఎటూ చేస్తాను గదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

శుక్రవారం పొద్దున షిఫ్టు లోపలికి పోగానే బావమరిది మనుషులు గుడ్డలు పట్టుకుని బండ్లన్నీ తుడిచారు. వాళ్ళ వెనకే మేస్త్రి తల వంచుకుని తీగలు మెలిపెట్టుకుంటూ పోయాడు. సీటు కింద చెయ్యి పెట్టడం, తీగ మెలిపెట్టడం, ముందుకు జరగడం. చక్రాల వంక చూడలేదు. చూస్తే పరీక్ష పెట్టాలనిపిస్తుందని చూడలేదు. నూనె వాసన కొట్టింది గానీ, మిల్లంతా నూనె వాసనే కాబట్టి పట్టించుకోలేదు. నూట నలభై నంబర్ల పక్కన నూట నలభై సంతకాలు పెట్టి కలం మూత పెట్టేసరికి, ఎవరిదో ఎంగిలి కంచంలో తిన్నట్టు వెగటు పుట్టింది.

పెద్దలు వచ్చారు. కొత్త యూనిఫారం తొడిగి మేస్త్రిని ఒక బోర్డు పక్కన బొమ్మలా నిలబెట్టారు. బోర్డు మీద 'వానలో భద్రంగా సైకిల్ తొక్కుదాం' అని రాసి, ఒక చేత్తో గొడుగు పట్టుకుని నవ్వుతూ తొక్కుతున్న మనిషి బొమ్మ వేయించారు. అది చూసి ఒక్కరికీ ఏమీ అనిపించలేదు. తళతళలాడుతున్న బండ్ల వరస చూసి పెద్దలు మెచ్చుకున్నారు. వాళ్ళలో ఒకాయన ఒక బిళ్ళను వేలితో కదిపి, దీన్ని చూస్తేనే ధైర్యంగా ఉందన్నాడు. ఫొటోలు అయ్యాయి, వాళ్ళు భోజనాలకు కదిలారు. ఆయన కూడా షెడ్డు మూల కూర్చుని కారియర్ విప్పాడు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగాడు. అయినా ఆ చేత్తో ముద్ద కలపబుద్ధి కాక మూత పెట్టేశాడు.

ఒంటి గంటకు మబ్బు కమ్మింది, చూస్తుండగానే కుండపోత. షిఫ్టు వదిలేది రెండింటికి. రేకుల అంచు నుంచి కారే నీళ్ళు ముందు వరస బండ్ల మీద పడుతున్నాయి. కింద మడుగు కట్టిన ఆ నీళ్ళ మీద రంగురంగులుగా ఏదో తేలడం మేస్త్రి కంటపడింది. వంగి రిమ్మును తాకితే వేలు జారింది. వాసన చూస్తే కదురు నూనె, నూలు వడికే కదుళ్ళకు పోసేది. ఆ మిల్లుకు అది పాత జబ్బు. తలుపు కిర్రుమన్నా కదురు నూనె, బూట్లు మెరవాలన్నా కదురు నూనె, ఆఫీసు బల్లలకూ అదే. సైకిళ్ళు మెరవాలన్నారు కాబట్టి బావమరిది మనుషులు రిమ్ములతో సహా పట్టించేశారు. మేస్త్రి ఒక చక్రం ఎత్తి తిప్పి బ్రేకు పట్టాడు. తొమ్మిది దాకా లెక్కపెట్టి మానేశాడు, చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. పక్క బండీ అంతే, దాని పక్కదీ అంతే. పొద్దున మొదటి బండి మీద ఒక్క మగ్గు నీళ్ళు పోసి ఉంటే అప్పుడే దొరికిపోయేది.

వానలో తడుస్తూ ఆఫీసుకు పోయాడు. అధికారి భోజనాల దగ్గర నుంచి లేచి వరండాలోకి వచ్చి విన్నాడు. కంగారు పెట్టొద్దన్నాడు. అందరినీ నెమ్మదిగా తొక్కమని మైకులో చెప్పిద్దామన్నాడు. ఆ వాలులో బ్రేకు లేని బండికి నెమ్మది ఉండదని మేస్త్రి అన్నాడు. అప్పుడు అధికారి రుమాలుతో మూతి తుడుచుకుని గొంతు తగ్గించాడు.

"చూడండి మేస్త్రిగారూ, బ్రేకులు బాగున్నాయని సంతకం పెట్టింది నేను కాదు, మీరు. ఇప్పుడు బయటపెడితే పోయేది మీ ఉద్యోగం. ఆలోచించుకోండి."

ఆ మూతి మీద ఉమ్మేయాలనిపించింది మేస్త్రికి. అంతకన్నా రోత పుట్టించిన సంగతేమిటంటే, వాడు అన్నదాంట్లో అబద్ధం లేదు.

షెడ్డుకు తిరిగి వచ్చేసరికి ఒకటీ ఇరవై. నూట నలభై బండ్ల నూనె కిరోసిన్‌తో కడిగి, సబ్బుతో తోమి, రబ్బర్లు మార్చాలంటే వారం పని. ఇప్పుడు చేయగలిగింది ఒక్కటే. కటింగ్ ప్లేయరు తీసుకుని పొద్దున తను కట్టిన బిళ్ళలను తనే కోయడం మొదలుపెట్టాడు. బావమరిది పరిగెత్తుకుంటూ వచ్చాడు. రిమ్ముకు రాయకూడదని తనకెవరు చెప్పారని నీళ్ళు నమిలాడు. ఈ సంగతి బయటపడితే ఇద్దరి పనీ పోతుందని, అక్క మొహమైనా చూడమని బతిమాలాడు.

"మీ అక్క మొహం ఇంటికి పోయాక చూస్తాను. నువ్వు ఆ చివరి వరస నుంచి కొయ్యరా" అన్నాడు మేస్త్రి.

వాడు కొయ్యలేదు. అలాగని ఆపనూ లేదు, వాన వంక చూస్తూ నిలబడ్డాడు. మేస్త్రి మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కడే కోశాడు. నూనే నీళ్ళూ కలిసి మోచేతుల దాకా జిగటగా పట్టుకున్నాయి. తీగ కొసలు వేళ్ళలో దిగాయి. కొత్త యూనిఫారం మసిగుడ్డ అయింది.

రెండింటికి కూత కూసింది. జనం షెడ్డులోకి వచ్చి తమ బండ్లు చూసుకుని, నేల మీద రేకు బిళ్ళల కుప్ప చూసి మండిపడ్డారు. ఈ వానలో ఇళ్ళ దాకా నడవాలా అని ఒకరు, ముసలాడికి మతిపోయిందని ఒకరు. మేస్త్రి గొంతు పెంచి నూనె సంగతి చెప్పాడు. రిమ్ములకు నూనె పట్టించేశారు, ఒక్క బ్రేకూ పడదు, వాలు మీద ఎవరూ ఎక్కొద్దు అన్నాడు. తిట్లు అధికారి మీదికీ, బావమరిది మీదికీ మళ్ళాయి. అక్కడితో ఊరుకుంటే ఆయన మంచివాడుగానే మిగిలేవాడు.

గొడుగమ్మ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. "మరి బిళ్ళ కట్టేటప్పుడు నువ్వు చూడలేదా అన్నా?"

బిళ్ళలు కట్టాకే నూనె రాశారని మేస్త్రి చెప్పవచ్చు. ఎవరూ అడ్డం రారు. బావమరిది కళ్ళతోనే ఆ మాట చెప్పమంటున్నాడు.

"చూడలేదమ్మా" అన్నాడు.

"ఎన్ని బండ్లకు?"

"దేనికీ నీళ్ళు పొయ్యలేదు. కట్టెయ్యమన్నారు, కట్టేశాను."

తిట్లు ఆగిపోయాయి. తిట్టినంతసేపూ నయంగానే ఉంది, ఆగిపోయాక నిలబడలేకపోయాడు. వాళ్ళు ఆయన చేతుల వంక, ఆ జిగట వంక, ముట్టుకోకూడనిదాన్ని చూసినట్టు చూశారు. గొడుగమ్మ తన బండి సీటు కింద తెగిన తీగను తడిమి చూసుకుంది.

"మరి పోయినేడు కట్టినవి?" అని అడిగింది.

పోయినేడు పోశాడు. అంతకు ముందేడూ పోశాడు. ఇరవై అయిదు వానాకాలాలు ఒక్క బండి వదలకుండా పోశాడు. ఆ మాటే చెప్పాడు. చెబుతుంటే తన గొంతు తనకే దొంగ గొంతులా వినిపించింది. గొడుగమ్మ బండి స్టాండు తీసి, నడిపించుకుంటూ వానలోకి దిగింది. ఆవిడ వెనకే మిగిలినవాళ్ళూ దిగారు. నూట నలభై మంది తడుస్తూ వాలు దిగి, లారీలు ఆగేదాకా ఆగి, రోడ్డు దాటారు. ఎవరికీ ఏమీ కాలేదు.

"పోశానమ్మా, నిజంగా పోశాను" అని మేస్త్రి మళ్ళీ అన్నాడు. అప్పటికి షెడ్డులో బావమరిది ఒక్కడే ఉన్నాడు. వాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.