వెనక తగ్గని కారు

మా మామగారు రాజమండ్రిలో బట్టల వ్యాపారి. కారెక్కే ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య వేళ్ళు పెట్టి సందు చూసుకునేవారు. రోజూ కాలవగట్టు గోతుల్లో తిరగాలంటే కారు ఎత్తుగా ఉండాలి. ఏటా జరిగే కార్ల ప్రదర్శనలో మాత్రం నేలకి దగ్గరగా దించిన కార్లకే బహుమతి; ఎత్తుగా ఉందనే మామగారి కారుని నిర్ణేతలు పక్కన పెట్టేసేవారు.

“స్ప్రింగులు కోసేద్దామండి,” అన్నాడు మెకానిక్.

“కోసేస్తే మళ్ళీ అతుక్కుంటాయేంటయ్యా? దించుకుని, మళ్ళీ ఎత్తుకునేలా ఉండాలి.”

మెకానిక్ ఎత్తు సర్దే బోల్టు తిప్పితే ముందుభాగం దిగింది. వెనకభాగం తగ్గలేదు. మామగారూ వెనక్కి తగ్గలేదు. నాకేసి తేరిపార చూశారు. గాలికి ఎగిరిపోయే పూతరేకులు తిని నేనంత బరువెలా పెరిగానో అత్తగారికే తెలియాలి.

“అల్లుడుగారూ, కాస్త వెనక సీట్లో కూర్చుంటారా?”

కూర్చున్నాను. ప్రదర్శన రోజంతా కూర్చునే ఉన్నాను. బహుమతి నిర్ణయించే పెద్దమనిషి వంగి చూసి, “వెనక ఏం వేయించారండీ?” అన్నాడు.

“మా అల్లుణ్ణండి. కావాలంటే ఎక్కించుకోవచ్చు, అక్కర్లేకపోతే దించేయొచ్చు,” అన్నారు మామగారు.

ఆయన నవ్వి, కప్పు మామగారి చేతిలో పెట్టాడు. అభినందిద్దామని నేను దిగబోయాను.

“మీరు కదలకండి బాబూ,” అన్నారు మామగారు. “ఇంకా ఫొటో తియ్యలేదు, కారు లేచిపోద్ది.”