అడుగు కోసిన గంప

ఎండబెట్టిన ఇప్పపూల వాసన తగిలితే ఇప్పటికీ దారి మార్చుకుంటాను. ఆ వాసన వెనక లచ్చమ్మత్త నిలబడి ఉన్నట్టే ఉంటుంది.

కలప కాంట్రాక్టరు కూలి ఇచ్చి ఊరూరా ఆడించిన మా బాస్కెట్‌బాల్ జట్టు చరిత్ర చాలామందికి చెప్పాను. అది ఎలా మొదలైందో మాత్రం చెప్పలేదు.

బస్తరు సంస్థానం రోజులు. భోపాల్‌పట్నం బడికి వచ్చిన కొత్త మాస్టారు, బంతి వేసే ఆట కోసం గుంజకు కట్టడానికి గంప కావాలన్నాడు. పక్కింటి లచ్చమ్మత్తను అడిగాను.

"ఒక్క దినమే బిడ్డా. ఇప్పపువ్వు రాలుతాంది," అంటూ ఉన్న ఒక్క గంపా ఇచ్చింది.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి గుంజ దగ్గర నిలబడేది. మా ఆట చూడడానికే అనుకున్నాను.

"ఆట ఎప్పుడైపోతది బిడ్డా?"

"ఇంకా మస్తుగ ఉందత్తా, చూడు!"

బంతి గంపలో పడ్డప్పుడల్లా, "ఏందిరా కోతీ, ఎక్కవా?" అని తోటివాళ్లు నన్నే ఎక్కించేవారు. ఆట మాటిమాటికీ ఆగితే అత్తకు విసుగు పుడుతుందని ఒకరోజు కొడవలితో ఎక్కి గంప అడుగు కోసేశాను. బంతి నేరుగా కిందికి జారింది. గర్వంగా ఆమె వైపు చూశాను.

కింద పడ్డ వెదురు అల్లికను ఆమె ఎత్తి దుమ్ము దులిపింది. "ఇదన్న తీస్కపోవచ్చా? మాస్టరు ఏమన్నంటడా?"

ఎండిన ఇప్పపూలే ఆమెకు వానాకాలపు తిండి. ఆ ఏడు కొంగులో పట్టినన్నే ఏరుకుంది. శ్రావణానికే అవి అయిపోతే, అమ్మ ఆమెకు పంపిన గంజి నేనే తీసుకెళ్లాను.

"మంచిగ ఆడుతున్నవా బిడ్డా?" అంది.

అప్పటికి నాకు అంతా తెలుసు. అయినా తప్పయిందనలేదు. ఆటకు వేళవుతోందని, గిన్నె తొందరగా ఖాళీ చేయమన్నాను.