మిస్ ప్రింగిల్ మోకాలు

వెర్నా లిండ్‌క్విస్ట్ ఇరవై ఏళ్లు న్యూయార్క్ బ్రాడ్వే నాటకాల్లో నటిగా బతికింది. అందులో ముఖ్యపాత్ర వేసింది మూడంటే మూడు వారాలు. చివరి నాలుగేళ్లూ నాటకశాల మూడో అంతస్తులో కిటికీ లేని గదిలో, ముఖానికి రంగు కూడా వేసుకోకుండా కూర్చుంది. అదే ఆమె ఉద్యోగం. పెద్ద నటి అడెలా ప్రింగిల్‌కు ఒంట్లో బాగాలేకపోతే ఆ వేషం కట్టడానికి ఒక మనిషి సిద్ధంగా ఉండాలి కదా.

పుట్టింది దులుత్‌లో, ధాన్యం ఓడలు ఆగే రేవు పక్కన. పంతొమ్మిదో ఏట న్యూయార్క్ వచ్చి నర్సు వేషాలు, పనిమనిషి వేషాలు, తలుపు తీసి పక్కకు తప్పుకునే చెల్లెలి వేషాలు వేసింది. ముప్పై అయిదో ఏట మిస్ ప్రింగిల్‌కు బదులు నటిగా కుదిరింది.

బదులు నటికి సొంత తెలివి పనికిరాదు. పెద్ద నటి ఎక్కడ నిలబడితే అక్కడే నిలబడాలి, ఎంతసేపు ఆగితే అంతసేపే ఆగాలి. లేకపోతే ఎదుటి నటులు తడబడతారు, దీపం వెలుతురు ఖాళీ నేల మీద పడుతుంది. వెర్నా వారానికి ఎనిమిది ఆటలూ పై గది నుంచి దిగివచ్చి తెర పక్కన నిలబడి చూసి, దగ్గుతో సహా అన్నీ నోటుబుక్కులో రాసుకుంది. ఒక మనిషి ఇంకో మనిషిని అంతగా వంటబట్టించుకోకూడదని ఎవరైనా చెప్పి ఉండాల్సింది. ఎవరికి పట్టింది?

1953 అక్టోబరులో మిస్ ప్రింగిల్ మోకాలి ఆపరేషన్‌కు ఆసుపత్రిలో చేరింది. మూడు వారాలు ఆ వేషం వెర్నాకు దక్కింది, మొదటిది బుధవారం మధ్యాహ్నం ఆట. ఆ ఆటకు నిర్మాత సిడ్నీ బ్రావర్ వచ్చి కూర్చుంటాడని స్టేజి మేనేజర్ గస్ ముందే చెప్పాడు. జనవరి నుంచి నాటకం ఊరూరా తిరగబోతోంది. మిస్ ప్రింగిల్ రానంది. వెర్నా నచ్చితే ఆ వేషం ఆమెదే. ముప్పై తొమ్మిదేళ్ల మనిషికి ఇది పోతే మరొకటి రాదు.

నటి మారిందన్న చీటీ చూసి హాలంతా ఉసూరుమంది. ముగ్గురు ఆడవాళ్లు లేచి వెళ్లిపోయారు కూడా. వెర్నా ఒక్క మాట తప్పలేదు, ఒక్క అడుగు తప్పలేదు. చివర చప్పట్లు బాగానే పడ్డాయి. ఎన్నేళ్లో ఎదురుచూసిన ఆ క్షణంలో ఆమెకు ఏమీ అనిపించలేదు.

ఆట అయ్యాక బ్రావర్ ఆమె గదికి వచ్చాడు. గుమ్మంలో గస్ నిలబడ్డాడు.

"బాగా చేశారు. కాలికేమైంది?"

"ఏమీ కాలేదే."

"మూడు అంకాలూ కుంటుతూనే నడిచారు కదండీ."

"అది మిస్ ప్రింగిల్ కుంటు. నాది కాదు."

"సరే, తలుపు దాకా ఓసారి నడిచి రండి."

నడిచింది. ఎడమకాలు వెనకబడుతోందని తలుపు దగ్గరికొచ్చాక ఆమెకే తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు సరిగ్గా వేయబోతే అడుగు ఇంకా అధ్వాన్నంగా పడింది. గస్ గడియారం చూసుకున్నాడు.

బ్రావర్ చెడ్డవాడు కాదు. వారానికో ఊరు, రైళ్లు, మెట్లు, మీకు కష్టమని మెల్లగా చెప్పి, ఎవరైనా మంచి డాక్టరుకు చూపించుకోమని వెళ్లిపోయాడు. రాత్రి ఆటకు కుంటు తీసేయనా అని వెర్నా గస్‌ని అడిగింది. మార్చొద్దన్నాడు, మిగతావాళ్లకు ఆ నడకే అలవాటట. ఆ మూడు వారాలూ ఆమె అలాగే కుంటింది.

నవంబరులో మిస్ ప్రింగిల్ తిరిగొచ్చింది. నయమైన మోకాలితో వేదిక ఆ చివరి నుంచి ఈ చివరికి చకచకా నడిచింది. తెర పక్కన వెర్నా పెన్సిల్ పట్టుకుని చూస్తూ నిలబడింది. గస్ దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు.

"ఇకనుంచి కుంటొద్దు, వెర్నా. ఆమె కాలు బాగైంది."

సరేనంది. నోటుబుక్కులో 'కుంటు' అన్న మాట కొట్టేసి, కమ్మీ పట్టుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ మూడో అంతస్తుకు మెట్లెక్కింది.